పచ్చలో దాగిన పసుపు

తెలుగులో ‘పచ్చ’ అను మాట చిత్రమైనది. వేపాకు పచ్చన, చామంతిపూవు పచ్చన. ఉంగరములోని పచ్చరాయి ఆకువన్నెది. పచ్చకామెర్లలోని పచ్చదనము పసుపువన్నెది. వరిపైరు ఏపుగా పెరుగునప్పుడును పచ్చనే, పండి కోతకు వచ్చినప్పుడును పచ్చనే. రెండు వన్నెలను విడదీసి చెప్పవలసి వచ్చినపుడు మాత్రమే మనము ఒకదానిని ఆకుపచ్చ యనియు, రెండవదానిని పసుపుపచ్చ యనియు అనుచున్నాము. దీవించునప్పుడు ఆ భేదము కూడ పాటింపము. ‘నీ కాపురము పచ్చగా ఉండవలెను’ అందుము. ఆ పచ్చ ఆకుదా, పసుపుదా అని ఎవ్వరును ప్రశ్నింపరు.

రెండు రంగులకు ఒకే మాట వాడుట భాషలోని లోపమని కొందరు తలపవచ్చును. కాని తోటమాలిని, రంగరేజును అడిగినచో ఆ మాటలో ఒక సత్యము ఇమిడియున్నట్లు తెలియును. తోటలోని ఆకుపచ్చ అడుగున పసుపుపచ్చ దాగియున్నది. పూర్వపు అద్దకములలోని ఆకుపచ్చయు నీలిమీద పసుపు పూసి సాధించినదే. పసుపు వన్నె ప్రకృతిలో విరివిగా లభించును. చేతికి సులభముగా అంటును. అంత సులభముగానే విడిచిపోవును. తెచ్చుట తేలిక, నిలుపుట కష్టము. ఈ రంగు తోటలో, చేతిపనిలో, వేషధారణలో నడిచిన దారి యంతయు ఈ ఒక్క చిక్కు చుట్టును తిరుగుచున్నది. దానిని గూర్చి కొన్ని ముచ్చట్లు చెప్పుకొందము.

తోటలోని పసుపు

ఆకునకు ఆకువన్నె నిచ్చునది పత్రహరితము. అది ఎండలోని ఎఱ్ఱ, నీలి కిరణములను ఎక్కువగా గ్రహించి, ఆకుపచ్చను ఎక్కువగా వదలివేయును. అయితే ఆకులో పత్రహరితము ఒంటరిగా ఉండదు. దానితోపాటు కెరొటినాయిడ్లు అను పసుపు, నారింజ వన్నెల పదార్థములు కూడ ఉండును. ఇవి వెలుతురును పట్టుటలో తోడ్పడుటయే కాక, వెలుతురు మితిమీరినపుడు ఆకు చెడిపోకుండ కాపాడును. ఆకు ముదిరి రాలు కాలము వచ్చినపుడు చెట్టు పత్రహరితమును విరుగగొట్టి, ఆకులోని నత్రజనిలో చాలభాగమును తిరిగి కాండములోనికి లాగుకొనును. అంతవరకు మరుగుపడియున్న పసుపు అప్పుడు బయటపడును. పండుటాకు వన్నె క్రొత్తగా వచ్చినది కాదు. మొదటినుండి లోపల ఉన్నదే.

ఈ సంగతి తెలిసినచో పెరటిలోని మొక్క మనతో మాటాడుచున్నట్లే యుండును. క్రింది ముదురాకులు ముందుగా, ఆకంతయు సమానముగా పసుపు తిరిగినచో నత్రజని చాలలేదని సాధారణముగా గ్రహింపవచ్చును. మొక్క ముదురాకులలోనిదానిని తీసి లేతచిగుళ్లకు పంపుచున్నది. అట్లు గాక, పైనున్న లేత ఆకులు పసుపువారి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలిచినచో ఇనుము లోపించినదని అనుమానింపవలెను. ముదురాకులలో చేరిన ఇనుమును మొక్క తేలికగా కదల్చలేదు. కుండీలో నీరు నిలిచి వేళ్లకు గాలి ఆడనపుడు కూడ ఆకులు పసుపు తిరుగును. ఆ స్థితిలో మరికొంత నీరు పోయుట మొక్కకు మేలు చేయదు. మినుము, పెసర చేలలో వచ్చు పల్లాకు తెగులును మన రైతులందరు ఎరుగుదురు. ఆకులపై పసుపు మచ్చలు పడి, క్రమముగా ఆకంతయు పసుపగును. ఆ తెగులునకు కారణమైన వైరస్సును తెల్లదోమ మొక్కనుండి మొక్కకు చేర్చును.

ఆ తెల్లదోమకే పసుపుపచ్చ యనిన ఎక్కడలేని మోజు. తెల్లదోమయు, పేనుబంక పురుగులలో రెక్కలు గలవియు లేత ఆకును వెదకికొని పోవునప్పుడు ఆకునుండి వచ్చు పసుపు-ఆకుపచ్చ కాంతినే గుర్తుగా పెట్టుకొనును. తేటయైన పసుపు రంగు వాని కంటికి ఆకుకంటె ఎక్కువ ఆకువలె తోచును. అందుచేతనే చేలలోను, కూరగాయల మడులలోను జిగురు పూసిన పసుపు అట్టలను నాటుదురు. ఆకని భ్రమించి వచ్చి వ్రాలిన పురుగు అక్కడనే అంటుకొనిపోవును. ఆకుపచ్చకును పసుపుపచ్చకును మన భాష కల్పించిన చుట్టరికమును తెల్లదోమ కూడ పాటించుచున్నదన్నమాట.

ఇక పూవుల విషయము. బంతి, చామంతి, తంగేడు మన ముంగిళ్ల పసుపునకు మూలములు. వీనిలో తంగేడు ఈ నేలది. మెట్టభూములలో, బాటల ప్రక్కల తనంతట తానే పెరుగును. తెలంగాణమునకు అది రాష్ట్రపుష్పము; బతుకమ్మను పేర్చునపుడు గునుగు, బంతి, చామంతులతోపాటు తంగేడుపూవు తప్పనిసరి. దాని బెరడు తోళ్లు పదును పెట్టుటకు చిరకాలముగా ఉపయోగపడినది. బంతి అట్లు కాదు. అది మెక్సికో దేశపు మొక్క. ఐరోపావారు అమెరికా ఖండమునకు దారి కనుగొన్న పిదపనే మన దేశమునకు వచ్చినది. బంతితోరణము లేని పెండ్లిని నేడు ఊహింపజాలము. కాని మన పూర్వులు అంతకుముందు వేలయేండ్లు బంతిపూవు లేకుండగనే పెండ్లిండ్లు చేసికొనిరి.

బంతిరేకులకు పసుపు వన్నె నిచ్చునది ముఖ్యముగా లూటీన్ అను కెరొటినాయిడు. ఇది నూనెలో కరగును గాని నీటిలో కరగదు. బంతిరేకులనుండి తీసిన లూటీన్‌ను కోళ్ల మేతలో కలుపుదురు. గ్రుడ్డులోని పచ్చసొన వన్నె దానివలన చిక్కనగును. చామంతిలో మరొక విశేషము గలదు. తెల్ల చామంతి పసుపును తయారుచేయలేక తెల్లబడినది కాదు. అదియు రేకులలో పసుపు పదార్థమును తయారుచేయును. కాని దానిని విరుగగొట్టు ఎంజైము కూడ ఆ రేకులలోనే యున్నది. పుట్టిన పసుపు పుట్టినట్లే నశించును. జపానుదేశపు శాస్త్రజ్ఞులు 2006లో ఈ సంగతిని నిరూపించిరి. తెచ్చుట తేలిక, నిలుపుట కష్టము అన్న మాటకు చామంతికంటె చక్కని ఉదాహరణము దొరకదు.

గడపమీది పసుపు

తోట దాటి ఇంటిలోనికి వచ్చినచో మనకు మొదట కనబడు పసుపు గడపమీదనే యున్నది. ఈ రంగునకు పేరు పెట్టిన పసుపుకొమ్మే దానికి ఆధారము. నిజామాబాదు ప్రాంతమునను, గుంటూరుసీమలోని దుగ్గిరాల చుట్టుపట్లను పండు పసుపు తెలుగునాట ప్రసిద్ధి చెందినది. దానిలోని రంగుపదార్థమునకు కుర్కుమిన్ అని పేరు. 1815లో ఇద్దరు శాస్త్రజ్ఞులు, వోగెల్, పెలెతియే అనువారు, దీనిని మొదటిసారి వేరుచేసిరి.

సాధారణముగా చెట్ల రంగులు నూలుబట్టకు తమంత తాము అంటవు. వానికి పటిక వంటి ఒక మధ్యవర్తి కావలెను. పటికలోని అల్యూమినియము ఒక చేత నూలుపోగును, మరియొక చేత రంగును పట్టుకొని రెండింటిని ముడివేయును. పసుపునకు ఈ మధ్యవర్తి అక్కరలేదు. గుడ్డను పసుపునీటిలో ముంచిన చాలును, రంగు పట్టును. వంట చేయుచు కొంగున చేయి తుడుచుకొన్నను పట్టును. ఈ సులభత్వము వలననే పసుపు మన శుభకార్యములన్నిటికిని ముందు నిలిచినది. క్రొత్తబట్టకు కొనలో కొంచెము పసుపు అంటించి కట్టుకొందుము. శుభలేఖకు నాలుగు మూలల పసుపు పూయుదుము. పసుపుతాడు, పసుపుముద్ద, నలుగుపిండి, వీనికి వేరే రంగరేజు అవసరము లేదు. ప్రతి ఇల్లాలును రంగరేజే.

కాని ఎండ ముందు పసుపు నిలువదు. కుర్కుమిన్ ఊదా, నీలి కిరణములను పీల్చుకొని, ఆ శక్తిచేత తానే విరిగి, రంగులేని చిన్న పదార్థములుగా మారిపోవును. అట్లు మిగులు తునుకలలో వెనిల్లా సువాసనకు కారణమైన వానిలిన్ కూడ ఒకటి. పసుపుమరక పడిన తెల్లబట్టను ఉతికి ఎండలో ఆరవేసినచో మరక మాయమగుట మన గృహిణులకు అనుభవమే. ఆ మరకపై సబ్బు రుద్దగానే అది ఎఱ్ఱబారుటయు అందరు చూచినదే. సబ్బులోని క్షారము సోకిన పసుపు ఎఱ్ఱనగును. నీటితో కడిగి క్షారమును పోగొట్టినచో తిరిగి పసుపగును. పసుపులో సున్నము కలిపి పారాణి చేయుటయు, ఇంటిలో పసుపునుండి కుంకుమ తయారుచేయుటయు ఈ గుణముమీద ఆధారపడినవే. శాస్త్రశాలలలో పసుపు పూసిన కాగితమును క్షారపరీక్షకు వాడిరి. మన ముత్తవ్వలు ఆ పరీక్షను హారతిపళ్లెములోనే చేసిరి. పసుపునీటిలో సున్నము కలిపి ఎఱ్ఱనీళ్లు దిగదుడుచుట అదియే గదా!

ఇట్లు నిలువని రంగును మన పెద్దలు ఎందుకు అంతగా నమ్ముకొనిరి? వారు దానిని నిలుపవలెనని ప్రయత్నింపలేదు. శుక్రవారము వచ్చినది, గడప కడిగి మరల పసుపు పూసిరి. పండుగ వచ్చినది, మరల పూసిరి. వెలిసిపోవుట ఆ రంగునకు తప్పుగా వారు ఎంచలేదు. మరల పూయుటకు అది ఒక పిలుపు. నిలుపలేనిదానిని మరల మరల క్రొత్తచేసికొనుట పసుపును కాపాడుకొను మొదటి మార్గము.

గుడ్డమీది పసుపు

గడపకు పూసిన రంగును వారమునకు ఒకసారి క్రొత్త చేయవచ్చును. నెలలు కష్టపడి వ్రాసిన బొమ్మల గుడ్డకు అట్లు చేయుటకు వీలులేదు. కావున చేతిపనివారు మరియొక మార్గమును వెదకవలసి వచ్చినది.

బట్ట చేతికి రాకముందే ఈ చిక్కు మొదలగును. హిందూపురపు సంతకు వచ్చు పట్టుగూళ్లలో తెల్లనివియు, పసుపుపచ్చనివియు గలవు. పసుపుగూటి వన్నె మల్బరీ ఆకులోనిదే. ఆకులోని కెరొటినాయిడ్లు పురుగు కడుపులోనుండి పట్టుదారముపైనున్న జిగురులోనికి చేరును. దారమును మెత్తపరచుటకు సబ్బునీటిలో ఉడికించి జిగురు తీసివేసినపుడు, దానితోపాటు ఆ వన్నెలో చాలభాగము పోవును. ఆకునుండి పురుగునకు, పురుగునుండి దారమునకు అంత దూరము నడిచివచ్చిన పసుపు చివరి మెట్టున జారిపోవును. మన చీరెలలోని పసుపు గూటినుండి వచ్చినది కాదు. రంగుతొట్టిలో మరల వేసినది.

బంతిపూవు విషయములోను ఇట్టి వింతయే కలదు. బంతిరేకులను నీటిలో కాచి, పటిక పట్టించిన గుడ్డను అందులో ముంచినచో మంచి పసుపు పట్టును. అయితే పూవుమీద మనకు కనబడు రంగు, గుడ్డమీదికి వచ్చిన రంగు ఒకటి కావు. కంటికి కనబడునది నీటిలో కరగని లూటీన్. గుడ్డకు పట్టునది అదే రేకులలోనుండి నీటిలో దిగు ఫ్లేవనాయిడ్లు అను వేరొక జాతి పదార్థము. పారిజాతపుపూవు నారింజవన్నె కాడలలోని రంగు మాత్రము కెరొటినాయిడు జాతిదైనను నీటిలో దిగును. ఆ కాడలతో పూర్వము పట్టునకు రంగు వేసెడివారు. మోదుగపూవు రంగు కూడ నీటిలో దిగును. హోలీనాడు చల్లుకొను వసంతమునకు అది ప్రసిద్ధి. ఈ పూవుల రంగులన్నియు మనోహరములే గాని, ఎండకు ఓర్చునవి కావు.

శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు ఈ సంగతి బాగుగా ఎరుగును. ముతక నూలుబట్టను అతడు కరక్కాయ రసమును, గేదెపాలును కలిపిన ద్రవములో నానవేసి ఆరబెట్టును. పాలలోని క్రొవ్వు రంగు ప్రాకిపోకుండ ఆపును. పిదప బెల్లము, త్రుప్పుపట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన కసిమితో గీతలు గీయును. కసిమిలోని ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి గట్టి నలుపగును. ఎఱుపు కావలసినచోట పటికనీరు పూసి, రంగుచెక్క వేసి కాచిన నీటిలో గుడ్డను ఉడికించును; పటిక ఉన్నచోట మాత్రమే ఎఱుపు పట్టును. నలుపు, ఎఱుపు ఉడుకునకు, ఉతుకునకు నిలుచును. కరకపూవుతోనో, దానిమ్మ తొక్కతోనో తీసిన పసుపు అట్టి బాధలకు ఓర్వలేదు. అందుచేత దానిని పని చివరి దశలలో కలముతో పూయుదురు. ఆకులను, చిలుకలను ఆకుపచ్చగా చూపవలెనన్నచో నీలిని, పసుపును ఒకదానిపై ఒకటి వేయుదురు. ఆకుపచ్చకు వేరే రంగు లేదు.

17, 18 శతాబ్దములలో మచిలీపట్నము మొదలగు కోరమండల తీరపు రేవులనుండి ఇట్టి అద్దకపు గుడ్డలు ఓడలకెక్కి ఐరోపాకు పోయినవి. అక్కడి స్త్రీపురుషులు వానిమీద పడిన మోజు ఎట్టిదో, అక్కడి నేతగాండ్రకు కలిగిన భయము ఎట్టిదో తెలియవలెనన్నచో శాసనములను చూడవలెను. ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధమును సడలింపలేదు. ఇంగ్లండులో 1700లో ఒక చట్టము, 1721లో అంతకంటె కఠినమైన మరియొక చట్టము వచ్చినవి. ఎంత ఉతికినను వెలియని ఎఱుపు మనవారి చేతిలో ఉండెను. ఆ విద్య ఐరోపావారికి అప్పటికి తెలియదు.

ఆనాటి గుడ్డలలో కొన్ని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియము వంటి చోట్ల నేటికిని భద్రముగా ఉన్నవి. చిరివేరుతో అద్దిన ఎఱుపు నేటికిని ఎఱుపే. కాని పూలతీగలకున్న ఆకులు చాలచోట్ల నీలముగా కనబడును. నీలాకులు గల చెట్లను మన పనివాడు ఏలోకములో చూచెనని మనము ఆశ్చర్యపడనక్కరలేదు. అతడు వ్రాసినవి ఆకుపచ్చ ఆకులే. మొదట నీలిమందుతో నీలము అద్ది, చివర దానిపై చేతితో పసుపు పూసెను. కాలక్రమమున పసుపు ఎగిరిపోయినది, నీలి మిగిలినది. ఐరోపాలో వెల్డ్ అను మొక్క పసుపును నీలిపై వేసి నేసిన పాత బొమ్మల తెరలలో కూడ అడవులు నీలముగా మారినవి. పసుపు ఉన్నంతకాలము అది ఉన్నదని ఎవ్వరును గమనింపలేదు. పోయిన పిదప ఆకులే ఆకులు కాకపోయెను.

అందుచేతనే మ్యూజియములలో ఇట్టి గుడ్డలున్న గదులు మసకగా ఉండును. అద్దకపు బట్టలపై పడు వెలుతురు 50 లక్సులకు మించరాదను నియమము సాధారణముగా పాటింపబడుచున్నది. ఎండనుండి దాచి కాపాడుకొనుట పసుపును నిలుపు రెండవ మార్గము.

అంగడిలోని పసుపు

అయితే బట్ట కట్టుకొను మనిషి మసకగదిలో కూర్చుండలేడు. వీధిలో తిరుగుటకును, వారము వారము ఉతుకుటకును తగిన రంగు కావలెను. ఈ కోరికనుండి మూడవ మార్గము పుట్టినది: రంగును రసాయనశాలలో నిర్మించి, పోగునకు గట్టిగా బిగించుట.

ఈ కథ ఒక వింతతో ఆరంభమగుచున్నది. 1771లో పీటర్ ఉల్ఫ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నీలిమందుపై నత్రికామ్లమును ప్రయోగించి, పట్టునకు పసుపువన్నె నిచ్చు పదార్థమును పొందెను. నీలమునుండియే పసుపు వచ్చినది! దానికే పిక్రికామ్లమని పేరు. 19వ శతాబ్దపు నడుమ కొంతకాలము పట్టుబట్టలకు దానిని వాడిరి. తరువాత అదియే ఫిరంగిగుండ్లలో దట్టించు ప్రేలుడుమందుగా ప్రసిద్ధి కెక్కినది. 1856లో పెర్కిన్ అను ఆంగ్లయువకుడు మొదటి కృత్రిమపు ఊదారంగును కనుగొన్న పిదప పసుపులు కూడ వరుసగా పుట్టుకొని వచ్చినవి. సరిగా నూరేండ్లకు, 1956లో, నూలుపోగుతో రసాయనికముగా ముడిపడు రియాక్టివ్ రంగులు అంగడిలోనికి వచ్చినవి. ఈ రంగు పోగునకు అంటుకొని యుండునది కాదు, పోగులో భాగమైపోవును. నేటి నూలుచీరెలలోని తేటపసుపు ఉతుకునకు నిలుచుచున్నదన్నచో ఇట్టి రంగుల చలువయే.

నిలుచు రంగునకు వెల కూడ కలదు. అజో జాతి రంగులలో కొన్ని శరీరమునకు సోకి విడిపోయినపుడు పుండు (క్యాన్సరు) వ్యాధికి కారణము కాగల పదార్థములను విడుచునని తెలిసిన పిదప పలు దేశములు వానిని నిషేధించినవి. మన దేశము 1997లో నిషేధించినది. క్రోమ్ యెల్లో అను మరియొక రంగు సీసముతో కూడినది. గోడలకు, బండ్లకు వేయవలసిన ఆ రంగును కొందరు పసుపుకొమ్ములను మెరిపించుటకు వాడిరి. బంగ్లాదేశమున 2019లో పరీక్షించిన అంగడిపసుపులో దాదాపు సగము నమూనాలలో సీసము కనబడినది. అక్కడి ప్రభుత్వము గట్టి చర్యలు తీసికొనగా, 2021 నాటికి అట్టి నమూనా ఒక్కటియు దొరకలేదు. తలచుకొన్నచో ఈ చెడుగును తుడిచివేయవచ్చునని దీనివలన తెలియుచున్నది. మన ఇంటిలో కూడ ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. గాజుగ్లాసులోని నీటిలో పసుపుకొమ్మును వేయవలెను. మంచికొమ్ము నీటికి రంగు విడువదు. పైన రంగు పూసినదైనచో వెంటనే విడుచును. అతిగా మెరయు కొమ్మును చూచి మురియరాదు. పండుగకు మాత్రమే కాక పప్పులోనికి వచ్చు పసుపు గదా!

వేషధారణలోను పసుపు రోజులు మరల వచ్చినవి. మన పెండ్లిండ్లలో నలుగు, మంగళస్నానములు పూర్వము ఇంటివారి నడుమ సామాన్యముగా జరిగెడివి. నేడు ఉత్తరదేశపు వాడుకను అనుసరించి ‘హల్దీ’ అను పేర దానిని ఒక వేడుకగా జరిపి, వచ్చినవారందరు పసుపుబట్టలే కట్టుచున్నారు. మన కన్ను పసుపు-ఆకుపచ్చ కాంతిని తక్కిన వానికంటె ప్రకాశవంతముగా చూచును. కావున ఆ వేడుక దూరమునుండియే కన్నుల పండువుగా ఉండుటలో వింత లేదు. అయితే ఆ ఒక్కనాటికై కొన్న తక్కువ వెల బట్టలలో కొన్ని మొదటి ఉతుకులోనే తక్కిన బట్టలను పసుపు చేయును. క్రొత్తబట్ట కొంగును తడిపి, తెల్లగుడ్డపై రుద్ది చూచుట మంచిది. రంగు అంటినచో దానిని విడిగా ఉతుకవలెను.

కలంకారీ కొనువారికి కూడ ఒక మనవి. కలముతో వ్రాసి, చెట్టురంగులు పూసిన గుడ్డ వేరు. ఆ బొమ్మలనే జాలితెరపై రసాయనపు రంగులతో అచ్చువేసిన గుడ్డ వేరు. రెండవదానిని కొనుట తప్పుకాదు. కాని మొదటిదని చెప్పి అమ్ముట తప్పు. చేతిపని గుడ్డను కొని, సోడా కలిసిన సబ్బుతో ఉడికించి, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేసి, ఆరునెలలకు పసుపు వెలిసినదని పనివానిని నిందించుట న్యాయము కాదు. అట్టి నిందలకు వెరచి పనివాడు చెట్టురంగులను విడిచిపెట్టినచో కరకపూవును, దానిమ్మ తొక్కను ఎట్లు కాచవలెనో, ఏ పాకమున దింపవలెనో తెలిసిన చేయి ఒక తరములో కరవగును. ఆ విద్య పుస్తకములో లేదు; తండ్రి ప్రక్కన కూర్చుండి కొడుకు, తల్లి ప్రక్కన కూర్చుండి కూతురు నేర్చుకొన్నది. వెలిసిన రంగును మరల పూయవచ్చును. మరచిన విద్యను మరల తెచ్చుట అంత తేలిక కాదు.

అట్టి గుడ్డను చల్లనీటిలో, క్షారము తక్కువగల సబ్బుతో, పిండక మెత్తగా ఉతుకవలెను. తిరగవేసి నీడలో ఆరవేయవలెను. గోడకు వ్రేలాడదీసినచో కిటికీ ఎండ నేరుగా పడకుండ చూడవలెను. ఏడాదిలో కొన్ని నెలలు మడతమార్చి పెట్టెలో దాచుట మంచిది. ఇంతమాత్రము జాగ్రత్త చూపినచో ఆ పసుపు మన కాలమునకు చాలినంత నిలుచును.

గడపకు పూసిన పసుపును శాశ్వతముగా ఉండుమని మనము కోరము. మిల్లుబట్టలోని పసుపు ఆరునెలలకే పోయినచో ఊరుకొనము. కలంకారీ పసుపు ఈ రెండింటి నడుమ నున్నది. దానికి మన సాయము కావలెను. ఏ పసుపునుండి ఏమి కోరవలెనో తెలిసికొన్న ఇంటిలో ఏ పసుపును వ్యర్థము కాదు. తోటలోని పండుటాకు వెనుక చిగురు వచ్చును. వెలిసిన గడపకు శుక్రవారము వచ్చును. పనివాని చేతిలోని పసుపునకు మాత్రము కొనువాని తెలివియు, ఆదరమును తోడు రావలెను. ఆ రెండును ఉన్నంతకాలము అతడు వ్రాసిన ఆకులు పచ్చగా ఉండును.